వార్ధక్యబాధయు వర్ణలేఖనమును

(వార్షిక మహాసభ రెండవ దినమున గావించిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు బాలుర విద్యనుగూర్చియు, నేతవృత్తి యొక్క భావినిగూర్చియు, సహకారసంఘములనుగూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము వానివలె ఘనమైనదిగా కొందరకు తోపకపోవచ్చును. ముదిమియందు విడువని నొప్పులతో కాలము గడపువారికి చిత్రలేఖనము తోడ్పడునా యనునదియే మేము విన్నవింపదలచిన సంగతి. "మోకాళ్లు పట్టుకొని మూలుగు ముసలివానికి బొమ్మలు వేయుట యేమి?" అని నవ్వువారుందురని మే మెఱుగుదుము. మేమును ఒకప్పుడు నవ్వినవారమే. కావున ఆ నవ్వు ఎట్లు మానితిమో మొదట చెప్పి, పిమ్మట లోకమున జరిగిన నిదర్శనములను, వైద్యశాస్త్రము చెప్పుదానిని, కడపట మన సంఘము చేయదగిన పనిని మనవి చేయుదుము.

మేము పండ్రెండవయేట గుంటమగ్గములో కాళ్లు పెట్టి అరువదియొకటవయేట వెలుపలికి తీసితిమి. నేతగాని దేహముపై మగ్గము వ్రాయు లెక్క మీకందరకు తెలిసినదే. వంగిన నడుము, త్రొక్కి త్రొక్కి సడలిన మోకాళ్లు, నాడె విసరి విసరి పట్టు తప్పిన మణికట్టు, తెగిన పోగును వెదకి వెదకి మసకబారిన చూపు. మా వ్రేళ్ల కణుపులు ఉబ్బి, ఉదయమున పిడికిలి ముడుచుటకు పావుగంట పట్టుచుండెను. ఒక వైద్యునికడ కేగితిమి. ఆయన మా చేతులను చూడకయే, "వయస్సు మీదపడినది, ఓర్చుకొనవలెను" అని పంపివేసెను.

నొప్పికంటె మమ్ము ఎక్కువ క్రుంగదీసినది వేఱొకటి కలదు. ఇంటిలో ఎవ్వరును మమ్మొక మాట యడుగుట మానిరి. పిల్లలు మంచివారే. వేళకు అన్నము పెట్టిరి, మందు తెచ్చియిచ్చిరి, "మీరు ఊరక కూర్చుండుడు" అనిరి. ఆ ఊరక కూర్చుండుటయే మాకు శిక్షయైనది. ఏ కణుపు ఎంత సలుపుచున్నదో అరుగుమీద కూర్చుండి లెక్కించుకొనుటే మా దినచర్య. చేయుటకు పనిలేనివానికి నొప్పియే పని యగునని అప్పుడు తెలిసినది.

అట్టి దినములలో మా వీథి పడుచువాడొకడు వచ్చి, "తాతా! మా నాయనమ్మ పెండ్లిచీర అంచు శిథిలమైపోయినది. నడుమ నున్నది హంసయో నెమలియో తెలియుటలేదు. అది మీరు నేసినదేనట. ఎట్లుండెడిది?" అని యడిగెను. నోటితో చెప్పబోతిమి, చెప్పలేకపోతిమి. ఆ అంచు మా నోటిలో లేదు, చేతిలో నున్నది. పెన్సిలు తీసికొనగా ఆ సన్నని పుల్ల వ్రేళ్ల నడుమ నిలువదాయెను. మా గృహిణి యది చూచి, ఒక కుంచెకఱ్ఱకు పాతనూలును బొటనవ్రేలికంటె లావుగా చుట్టి మా చేతికిచ్చినది. పడుచువానిచేత పెద్దకాగితముపై గళ్లు గీయించుకొని, ఒక్కొక్క గడిని రంగుతో నింప నారంభించితిమి.

మొదటి దినమున ఉత్సాహము పట్టలేక రెండుగంటలు కూర్చుంటిమి. ఆ రాత్రి కన్ను మూయలేదు. మఱునాడు చెంబెత్తుటకు చేయి రాలేదు. "మగ్గముమీద చేసిన తప్పే కాగితముమీదను చేయుచున్నారు" అని గృహిణి మందలించినది. ఆమె మాట నిజము. మూడవ దినమునుండి చేతులను గోరువెచ్చని నీటిలో కొంతసేపు ఉంచుకొని, ఉదయమొక పావుగంట, సాయంకాలమొక పావుగంట మాత్రమే గడియారము చూచి పనిచేసితిమి. పదునొకండు దినములకు అంచు పూర్తియైనది. నడుమ నున్నది హంసయే.

నొప్పి పోయెనా యని మీరడుగుదురు. పోలేదు. నేటికిని ఉన్నది. అయినను, పావుగంట ముగిసినదని గృహిణి చెప్పినప్పుడు మా నోట "అప్పుడేనా?" అను మాట వచ్చినది. ప్రొద్దు కదలుటలేదని ఏండ్లతరబడి విలపించిన మేము, ప్రొద్దు చాలలేదంటిమి! నొప్పి మమ్ము విడువలేదు గాని, ఆ పావుగంటసేపు మేము నొప్పిని విడిచితిమి. ఆ పడుచువాడు మా కాగితము ముందుంచుకొని అంచు నేసికొనెను.

ఇది మా యొక్కరి వింత యైనయెడల ఈ సభాసమయమును వ్యర్థము చేసియుండము. లోకమున ఇట్టి నిదర్శనములు కలవు.

అమెరికాదేశమున న్యూయార్కు రాష్ట్రమందు ఈగిల్ బ్రిడ్జి యను పల్లెలో ఆనా మేరీ రాబర్ట్‌సన్ మోసెస్ అను కాపుగృహిణి యుండెను. ఆమె 1860లో జన్మించినది. సేద్యపు పనులలో జీవితము గడపి, వార్ధక్యమున రంగునూలుతో గుడ్డపై చిత్రములు కుట్టుచుండెను. కీళ్లవాతముచేత సూది పట్టుట దుర్భరము కాగా, సూదికంటె కుంచె సుకరమని ఆమె చెల్లెలు సూచించినది. డెబ్బదియైదేండ్లు దాటిన పిమ్మట ఆమె చిత్రలేఖనమునకు పూర్తిగా పూనుకొనెను. మంచుకాలపు పొలములు, చక్కెరపాకము కాచుట, గ్రామోత్సవములు మొదలగు తానెఱిగిన సంగతులనే చిత్రించెను. 1938లో ఒక మందులదుకాణపు కిటికీలో నుంచిన ఆమె చిత్రములను కళాభిమాని యొకడు చూచి కొనెను. 1940లో న్యూయార్కు నగరమున ఆమె చిత్రప్రదర్శనము జరిగినది. 1961లో నూటయొకటవయేట గతించునాటికి ఆమె రచించిన చిత్రములు వేయికి మించియుండెను. జనులామెను 'గ్రాండ్‌మా మోసెస్', అనగా మోసెస్ అవ్వ, అని పిలిచిరి. సూది పట్టలేని చేయి పనికిరానిచేయి యని ఆమెయు, ఆమె చెల్లెలును తలపకపోవుటయే ఇందలి విశేషము.

రెండవవాడు ఫ్రాన్సుదేశపు చిత్రకారుడు పియేర్ ఓగస్త్ రెన్వార్. ఈయన చరిత్రము నేతవారమగు మన హృదయమునకు మిక్కిలి దగ్గఱైనది. 1841లో లిమోజ్ పట్టణమున ఒక దర్జీ యింట జనించి, చిన్ననాటనే పింగాణిపాత్రలపై పూలు చిత్రించు పనిలో చేరెను. పాత్రలపై బొమ్మలు ముద్రించు యంత్రములు రాగా ఆ చేతిపని పోయినది. అప్పుడాయన విసనకఱ్ఱలపైనను, కిటికీతెరలపైనను చిత్రములు వ్రాసి జీవించెను. మరమగ్గము వచ్చి చేతిమగ్గము నోట మన్నుకొట్టుటను చూచిన మనకు ఆయన యవ్వనమును వేఱుగ వర్ణింపనేల?

ఆయనకు ఏబదియేండ్లు దాటినతఱి రుమటాయిడ్ అనబడు కీళ్లవాతము ప్రవేశించెను. 1897లో సైకిలుపైనుండి పడి కుడిచేయి విఱిగినది. పిమ్మట వ్యాధి తీవ్రమై వ్రేళ్లు లోనికి ముడుచుకొనిపోయినవి. వెచ్చని గాలి కొఱకు దక్షిణమునకు పోయి, 1907లో కాన్యు అను గ్రామమున ఓలివుతోట యొకటి కొనెను. 1912 నాటికి నడువలేక చక్రముల కుర్చీకి పరిమితుడయ్యెను. ఆయన కుంచెను చేతికి కట్టించుకొనెనని లోకమున ఒక కథ వ్యాపించినది. నిజమది కాదు. గోళ్లు అరచేతి చర్మమును గాయపఱపకుండ మెత్తని గుడ్డ చుట్టెడివారు. కుంచెను ముడుచుకొన్న వ్రేళ్ల సందున ఇతరులు ఉంచెడివారు. 1915లో తీసిన మూకీచిత్రమొకటి యున్నది. అందు రెన్వార్ వంకరవోయిన చేతితో చిత్రించుటయు, చెంత ఆయన చిన్నకుమారుడు క్లోద్ నిలిచి సాయపడుటయు కానవచ్చును.

చేయి దూరము సాగదు గనుక, పెద్దపటమును రెండు కఱ్ఱలకు చుట్టి, కావలసిన భాగమును తన ముందునకు త్రిప్పించుకొను సాధనమును ఆయన యేర్పఱచుకొనెను. సోదరులారా! ఇది మన మగ్గపు యుక్తియే కదా! మనము బట్టవెంట పోము. బట్టయే మనముందునకు వచ్చి చుట్టుకొనును. భార్యావియోగము, యుద్ధమున ఇద్దరు కుమారులకు గాయములు, ఈ దుఃఖములన్నియు ఆ నొప్పిమీద పడినవి. అయినను 1919 డిసెంబరు 3వ తేదీన కన్ను మూయువఱకును ఆయన కుంచె విడువలేదు. స్నానమాడు స్త్రీలను చిత్రించిన ఆయన పెద్దపటము ఆ తుదియేండ్లలోనిదే. అందు బాధయొక్క జాడ వెదకినను కానరాదు.

మూడవవాడు ఆన్రీ మతీస్. ఈయన పూర్వులు తరతరములుగా నేతవారు. పెరిగిన బోయెన్ పట్టణము నేతకు ప్రసిద్ధి. ఇరువదియేండ్ల ప్రాయమున జబ్బుపడి మంచముననున్నప్పుడు తల్లి రంగులపెట్టె తెచ్చియిచ్చుటతో ఆయన చిత్రకారుడయ్యెను. 1941లో కడుపునకు పెద్ద శస్త్రచికిత్స జరిగిన పిమ్మట నిలుచుట దుష్కరమై శేషజీవితము చాలవఱకు మంచముపైనను, చక్రముల కుర్చీయందును గడచినది. అప్పుడాయన సహాయకులచే కాగితములకు రంగులు పూయించి, కత్తెరతో ఆకులు, పక్షులు, మానవరూపములు కత్తిరించి, గోడపై అతికింపజేసెను. నిలువలేనిచోట కూర్చుండి, కుంచె కుదురనిచోట కత్తెర పట్టి, 1954లో గతించువఱకు ఆయన పనిచేసెను.

ఈ మువ్వురిలో ఒక్కరికిని చిత్రలేఖనముచేత వ్యాధి కుదురలేదు. మువ్వురును పాతపద్ధతినే పట్టుకొని ప్రాకులాడలేదు. దేహము ఒప్పుకొన్న మేరకు పనిని మార్చుకొనిరి. మువ్వురి చెంతను మఱియొక మనుష్యుడుండెను. చెల్లెలో, కుమారుడో, సహాయకుడో ఉండి, "ఊరక కూర్చుండుము" అనక, చేతికి పనిముట్టు నందించెను. ఈ మూడవ సంగతిని మీరు మఱువకుందురుగాక.

ఇక వైద్యశాస్త్రము ఏమి చెప్పుచున్నది? మూడుమాసములకు మించి నిలిచిన నొప్పిని దీర్ఘకాలపు నొప్పి యందురు. గాయము ఎంతయో నొప్పియు అంతే యని పూర్వము భావించిరి. 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. దేహమునుండి వచ్చు నొప్పివార్త వెన్నుపామునందు ఒక ద్వారము దాటవలసియుండునని, ఆ ద్వారమును కొంత తెఱచుటకును, కొంత మూయుటకును మెదడునకు శక్తి కలదని దాని సారాంశము. వివరములు పిమ్మట సవరింపబడినను, మనస్సు, ధ్యాస, భయము, దుఃఖము నొప్పిని హెచ్చించుననియు తగ్గించుననియు నేడు వైద్యు లంగీకరింతురు. 2020లో నొప్పి నిర్వచనమును సవరించిన అంతర్జాతీయ నిపుణుల సంఘమువారు సహితము, అది దేహముతోపాటు మనస్సునకును సంబంధించిన అనుభవమని చెప్పియున్నారు. అందువలన నొప్పి కల్పితమని యర్థము కాదు, అది నిజమే. ధ్యాస పూర్తిగా వేఱొకపనియందు లగ్నమైనప్పుడు దాని పట్టు కొంత సడలుననియే యర్థము. తెగిన పోగు ముడివేయునప్పుడు నేతగాడు దోమకాటు నెఱుగడు. అదియే యీ శాస్త్రమునకు మనయింటి యుదాహరణము.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయనిచో అపరాధులమగుదుము. కుంచె మందు కాదు. ఉదయమున కీళ్లు బిగిసి గంటసేపు విడకుండుట, కీళ్లు వాచి వెచ్చగా నుండుట, రెండుచేతుల కణుపులును ఒక్కమారే ఉబ్బుట గన్పట్టినచో తడవు చేయక వైద్యునకు చూపవలెను. రెన్వార్ కాలమున లేని మంచి మందులు నేడున్నవి. కాలముననుసరించి వాడినచో వ్రేళ్లు ఆయనవలె ముడుచుకొనిపోకుండ కాపాడుకొనవచ్చును. మేమును పిదప మఱియొక వైద్యునిచే పరీక్ష చేయించుకొని, మాది కీళ్ల అరుగుదల యని తెలిసికొని, ఆయన చెప్పిన వ్యాయామములు చేయుచున్నాము. "వయస్సు" అని చెప్పి పంపువానితో తృప్తిపడకుడు.

చిత్రించువారికి మా అనుభవమునుండి నాలుగు మాటలు. కుంచెకఱ్ఱ లావుగా నుండవలెను. నూలుగాని గుడ్డగాని చుట్టిన చాలును. కాగితము నేలపై గాక వాలుబల్లపై నుండవలెను. వీపునకు ఆనిక యుండవలెను. వ్రేళ్లతో చిన్నగీతలు గీయుటకంటె భుజమునుండి చేయి కదల్చి పెద్దగీతలు గీయుట మేలు. చేయి బాగుగనున్న దినమునను నియమితకాలమునకే లేచిపోవలెను. బాగులేని దినమున ఒక్క రంగైనను కలిపి విడువవలెను.

"చిత్రలేఖనము నకాషీలవృత్తి, మనకేల?" అని కొందరనవచ్చును. మన మార్కండేయపురాణమును, భావనాఋషికథను కూనపులివారు పటము విప్పి పాడి వినిపింపగా మన పెద్దలు రాత్రుల తరబడి వినిరి. చేర్యాల నకాషీలు ఆ పటమును వ్రాసినది గుడ్డమీద. చింతగింజల గంజియు, సుద్దమట్టియు పూసిన గుడ్డమీద. ఆ గుడ్డ నేతవానిది. కాగా రంగును, గుడ్డయు ఎన్నడును వేఱుకులములుగా బ్రతుకలేదు. అంతేకాదు, అంచున హంసను నిలిపినవాడు, కొంగున మామిడిపిందెను తీర్చినవాడు చిత్రకారుడు కాక మఱేమి? మన తల్లులు కండెలు చుట్టి, ఆసుపోసి భుజములు పోగొట్టుకొనిరి. వారు వేకువనే వాకిట ముగ్గుపెట్టుట ఎవ్వరు నేర్పిన చిత్రకళ? నేడు వంగలేక ఆ ముగ్గు మానిన తల్లికి బల్లమీద కాగితము పఱచి యిచ్చినవా రెందరు?

కావున ఈ మహాసభకు మా విన్నప మొక్కటే. మన వసతిగృహములందును, మార్కండేయాలయముల మండపములందును, షోలాపురము, భివండీ, సూరతు మొదలగు పట్టణములలో స్థిరపడిన మనవారి సంఘభవనములందును ఒక్కొక గదిని వారమునకు రెండుపూటలు వృద్ధులకు విడువుడు. మెట్లెక్కనక్కఱలేని గది, కిటికీ వెలుతురు, వీపానుకొను కుర్చీలు, లావుపిడి కుంచెలు, అయిదారు రంగులు, కాగితములు, త్రాగునీరు. ఇంతే కావలసినది. దాతలారా! ఒక పెండ్లిపందిరికి మీరు వెచ్చించు దానిలో లేశముతో ఇది యేడాదిపాటు నడచును.

వసతిగృహమందలి విద్యార్థులను ఆ పూటలకు వంతులవారీగా పంపుడు. వారు రంగులు కలుపుదురు, గళ్లు గీయుదురు, ముఖ్యముగా అడుగుదురు: "తాతా, మీ కాలమున అంచు లెట్లుండెను? అవ్వా, నీ పెండ్లిచీర రంగేది?" అని. ఆ చిత్రములను కూర్చి ప్రతియూర ఒక అంచుల పుస్తకము సిద్ధపఱుపుడు. కాగితమునకెక్కని అంచులు మన పెద్దల చేతులలో ఎన్నియో యున్నవి. ఒక్కొక పెద్ద గతించినప్పుడు ఒక్కొక అంచు గతించుచున్నది. అట్లని అంచులే వ్రాయవలెనని నిర్బంధింపకుడు. తన పెరటి జామచెట్టును వ్రాయదలచిన అవ్వను వ్రాయనిండు. ఆ పూట ఆమెదే.

పటముమీది మార్కండేయుని మీరందరును చూచియుందురు. యముని పాశము మెడను పడనేపడినది. బాలుడు మాత్రము కౌగిలి విడువలేదు. వార్ధక్యమును, నొప్పియును మన పెద్దల మెడను పడిన పాశములే. వానిని త్రెంపు శక్తి మనకు లేదు. అయినను వారు కౌగిలించుకొనుట కొక పనిని, వారి పని కొఱకు ఎదురుచూచు ఒక మనుష్యుని చూపగల శక్తి ఈ సంఘమునకు నిశ్చయముగా కలదు. ఇంటికి పోయిన పిమ్మట మీ యరుగుమీది పెద్దవారిని "ఊరక కూర్చుండుడు" అనక, ఒక మాట యడుగుడు.